ఏం రాసినవ్ బిడ్డా?

పోయిన దసరా సెలవుల్లో మా అన్న బిడ్డ ఇంగ్లండ్‌లోని లీడ్స్ నుంచి ఫోన్ చేసింది. ఆఫీసులో తనతో పనిచేసే ఒకామె భోజనానికి పిలిస్తే వెళ్ళిందట. వాళ్ళ వంటింటి పక్కన చిన్న గూడు, గూట్లో దీపం, గిన్నెలో పాలు, ఒక రొట్టె ముక్క ఉన్నాయట. ఎవరికని అడిగితే "బ్రిజిడ్‌కు" అన్నదట. ఐర్లాండ్ వాళ్ళ పాత దేవత. మీ మతమేంటి అంటే "పాగన్" అని చెప్పిందట. తర్వాత ఆమె మన దేవుళ్ళ గురించి అడిగింది. మా పిల్ల పోచమ్మ బోనం గురించి, మా ఇంటి దేవుడు ఐలోని మల్లన్నకు రంగుల ముగ్గుతో వేసే పట్నం గురించి, పెత్రమాసనాడు పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చుడు గురించి చెప్పింది. అంతా విని ఆమె, "అయితే నువ్వూ మా లెక్కే, నువ్వూ పాగన్‌వే" అన్నదట.

"నిజమేనా అత్తమ్మా? మనం పాగన్లమా?"

నవ్వులాటకు అడగలేదు, దానికి నిజంగానే తెలుసుకోవాలని ఉంది. "ఆలోచించి చెప్త బిడ్డా" అన్నాను. ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. పదిహేనేళ్ళ కింద ఒక అవ్వ ఇదే సంగతి నన్ను ఇంకో తీరుగా అడిగింది. అప్పుడు ఆలోచించకుండానే జవాబు చెప్పాను. ఆ జవాబు ఇంకా నన్ను వదలలేదు.

జనాభా లెక్కల డ్యూటీ

2011 ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జనాభా లెక్కలు. నేను టీచర్‌ని కాబట్టి నాకూ డ్యూటీ పడింది. వరంగల్‌కు దగ్గర్లోని ఒక ఊళ్ళో, ఊరి చివర బైండ్లోళ్ళ ఇల్లు. పోచమ్మ, ఎల్లమ్మ కొలుపులు చేసే షెడ్యూల్డ్ కులం వాళ్ళది. బయట దండెం మీద ఎర్ర గుడ్డలు ఆరుతున్నాయి, లోపల గోడకు కొలుపుల్లో వాయించే జమిడిక వేలాడుతోంది. అవ్వ ఒక్కతే ఉంది. పేర్లు, వయసులు అయ్యాయి. మతం దగ్గరికి వచ్చాం.

"మతమంటే?"

"ఏ దేవుణ్ణి మొక్కుతరు అవ్వా?"

"పోచమ్మను. బైండ్లోళ్ళం బిడ్డా, మాకు పోచమ్మే బువ్వ పెడ్తది."

షెడ్యూల్‌లో హిందూ 1, ముస్లిం 2, క్రైస్తవం 3, సిక్కు 4, బౌద్ధం 5, జైనం 6. ఇవి కాకపోతే చెప్పిన పేరు పూర్తిగా రాయాలి. ట్రైనింగ్‌లో రెండు మాటలు చెప్పారు. ఒకటి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయండి, వాదించకండి. రెండోది, షెడ్యూల్డ్ కులం అని రాయాలంటే ఆ మనిషి హిందూ గానీ సిక్కు గానీ బౌద్ధం గానీ అయి ఉండాలి. ఆ క్షణంలో ఈ రెండు మాటలూ నా తలలో కొట్టుకున్నాయి. అప్పటికి మధ్యాహ్నం దాటింది, ఇంకా చాలా ఇళ్ళున్నాయి. నేను 1 వేశాను.

"ఏం రాసినవ్ బిడ్డా?"

"హిందూ అని రాసిన."

"పోచమ్మ అని రాయలే?"

"అన్నీ ఒక్కటే అవ్వా."

ఆమె కాసేపు నా చేతిలోని కాగితం దిక్కు చూసి, "ఏమో బిడ్డా, సదువుకున్నదానివి" అంది. అంతే. మంచినీళ్ళిచ్చి పంపింది.

పల్లెటూరి మనుషులు

పాగన్ అనే మాట సంగతి ముందు తేల్చుకుందాం. లాటిన్‌లో పాగుస్ అంటే పల్లెసీమ. పాగానుస్ అంటే పల్లెటూరి మనిషి. రోమ్ సామ్రాజ్యంలో క్రైస్తవం పెరిగిన 4వ శతాబ్దంలో, పాత దేవుళ్ళను వదలని వాళ్ళందరినీ కలిపి ఈ పేరుతో పిలవడం మొదలైంది. ఆ పాత దేవుళ్ళను కొలిచేవాళ్ళలో ఏ ఒక్కరూ అంతకుముందు తమను తాము అలా పిలుచుకోలేదు. జూపిటర్‌కు బలిచ్చేవాడికీ ఈజిప్టు ఐసిస్‌కు మొక్కేవాడికీ తామిద్దరిదీ ఒకే మతమని తెలియదు. బయటివాళ్ళు చెబితే తెలిసింది.

మా వైపు ఈ మాటకు దగ్గరి తెలుగు మాట చర్చి మైకుల్లో వినిపిస్తుంది: అన్యులు. మా చిన్నమ్మ ఇరవై ఏళ్ళుగా చర్చికి పోతుంది. మా కొత్తింట్లో పోచమ్మకు చేసిన రోజు పొద్దున్నే వచ్చి ఉల్లిగడ్డలన్నీ తనే కోసింది, గిన్నెలు కడిగింది, కూర మాత్రం ముట్టలేదు. "అన్యుల నైవేద్యం తినొద్దు కదా బిడ్డా, ఏమనుకోకు" అంది. నేనేమీ అనుకోలేదు. ఆమె తన దేవుడికిచ్చిన మాట మీద నిలబడింది, అంతే. కానీ ఆ రోజంతా ఆ "అన్యుల" అనే మాట చెవిలో తిరిగింది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషికి నేను ఎవరినో చెప్పడానికి ఉన్న మాట, నేను ఎవరిని కానో మాత్రమే చెబుతోంది.

న్యాయంగా మాట్లాడాలంటే హిందూ అనే మాట పుట్టుక కూడా ఇలాంటిదే. సింధు నదికి ఇవతల ఉన్నవాళ్ళకు పారశీకులు పెట్టిన పేరు. 1955 నాటి హిందూ వివాహ చట్టం రెండో సెక్షన్ చదివితే అక్కడా ఇదే తీరు: బౌద్ధులు, జైనులు, సిక్కులతో పాటు, ముస్లిం, క్రైస్తవ, పార్శీ, యూదు మతాలకు చెందని వాళ్ళకూ వర్తిస్తుందని ఉంటుంది. కాని వాళ్ళందరూ అని అర్థం. అయితే ఒక తేడా ఉంది, దాన్ని దాటేయలేను. ఈ పేరులో మా ఇల్లు తరాలుగా కాపురం చేసింది. మా అమ్మ యాదగిరిగుట్టకు పోతుంది, భద్రకాళి గుడికి పోతుంది, తిరుపతిలో తలనీలాలిచ్చింది. ఆమె దగ్గర ఈ చర్చ తెస్తే, "మనం హిందువులం కాకపోతే ఇంకేంది? ఇంత చదివి గిదా అడిగేది?" అంది. అది నిజం. పాగన్ అనే పేరులో మావాళ్ళెవరూ ఒక్క పూట కూడా ఉండలేదు.

అలాగని ఆ లీడ్స్ ఆమెను తక్కువ చేయడం లేదు. ఐస్‌లాండ్‌లో 1000వ సంవత్సరం ప్రాంతంలో వాళ్ళ సభ కూర్చుని క్రైస్తవం తీసుకుంది. 1972లో కొందరు కలిసి ఆసాత్రూ సంఘం పెట్టుకుని, ఆ పాత దేవుళ్ళను మళ్ళీ కొలవడం మొదలుపెట్టారు. మరుసటి ఏడే ప్రభుత్వం గుర్తించింది. మధ్యలో దాదాపు వెయ్యేళ్ళు. తాడు తెగిపోయింది, రెండు కొసలు దొరకబుచ్చుకుని ముడేసుకున్నారు. పాత పద్యాలు చదివి, ఏ దేవుడికి ఏం పెట్టాలో వెతుక్కుని, చుట్టుపక్కల ఎవరూ చేయని పని ఒంటరిగా వంటింటి గూట్లో చేయాలంటే ఎంత భక్తి ఉండాలి! అలాంటివాళ్ళకు ఒక పేరు కావాలి. పేరు లేకపోతే తమలాంటి ఇంకో మనిషి కనబడడు.

నాకు బోనం ఎత్తడం ఏ పుస్తకమూ నేర్పలేదు. కుండకు సున్నం పూసి పసుపు కుంకుమ బొట్లు పెట్టడం, వేపమండలు కట్టడం, పైన గురిగి, దాని మీద దివ్వె, నెత్తి మీద చుట్టబట్ట ఎంత మందం ఉండాలో కూడా మా నాయనమ్మ చెయ్యి పట్టుకుని చూపించింది. మా తాడు తెగలేదు. ముడేసుకున్నవాళ్ళ పేరు నేను తీసుకుంటే అది వాళ్ళ కష్టాన్ని అప్పనంగా వాడుకున్నట్టు అనిపిస్తుంది.

ఒక్కటి కాదు

పాగన్ కాకపోతే బహుదేవతారాధకులం అనొచ్చు కదా అని మా పిల్ల తర్వాత మెసేజ్ పెట్టింది. ఈ మాట నాకు నచ్చుతుంది. మేం చదివిన చరిత్ర పుస్తకాల్లో బహుదేవతారాధన అంటే మనుషులు దాటి వచ్చిన ఒక పాత మెట్టు అన్నట్టు ఉండేది. అదేమీ దాటేసింది కాదని మా ఊరికి వస్తే కనబడుతుంది.

పాశ్చాత్య పాగన్లలో ఒక పెద్ద వాదం ఉందట. దేవతలు నిజంగా ఎవరికి వాళ్ళేనా, లేక ఒకే శక్తికి పలు రూపాలా అని. ఎవరికి వాళ్ళే అనేవాళ్ళను గట్టి బహుదేవతావాదులు అంటారట. ఆ లెక్కన మా నాయనమ్మకంటే గట్టివాళ్ళు ఉండరు. పోచమ్మ, ఎల్లమ్మ, మైసమ్మ, ముత్యాలమ్మ అక్కచెల్లెళ్ళే, కానీ ఒకరి కోసం వండింది ఇంకొకరి ముందు పెట్టనిచ్చేది కాదు. "అక్క ఇంట్ల తింటే చెల్లె కడుపు నిండుతదా?" అనేది. ఒక్కొక్కరికి ఒక్కో చోటు, ఒక్కో తిండి, ఒక్కో కోపం. బీరప్ప కొలుపులో పాడేది పోచమ్మ ముందు పాడరు. ఒగ్గు కథ చెప్పే ఒగ్గోళ్ళు చేసే పని బైండ్లోళ్ళు చేయరు.

నేను ఆ అవ్వకు చెప్పిన "అన్నీ ఒక్కటే" అనే మాట మా ఇంట్లో మాట కాదు. అది నాకు చదువు నేర్పిన మాట. సభల్లో, టీవీ ప్రవచనాల్లో విని విని నాలుక మీదికి వచ్చేసిన మాట. ఆ మాట వెనక పెద్ద తత్వం ఉంది, దాన్ని నమ్మి బతికిన మహానుభావులు ఉన్నారు, వాళ్ళకు దండం. కానీ ఒక బైండ్ల ఇంటి గడపలో అది తత్వంగా పని చేయలేదు, నోరు మూయించే మాటగా పని చేసింది. అదే టీవీలో మా అమ్మవార్లను క్షుద్రదేవతలు అన్న రోజులూ ఉన్నాయి. ఒక్కటే అయితే ఒకరు క్షుద్రం ఎట్లవుతారు?

మా ఊరి పోచమ్మకు ఈమధ్య గుడి కట్టారు. వేపచెట్టు కింద గద్దె ఉండేది, ఇప్పుడు గోపురం, గ్రానైటు, కొత్త విగ్రహం. మంచి మనసుతోనే చందాలు వేసుకున్నారు, నేనూ ఇచ్చాను. కానీ ఇప్పుడు యాటను గుడి ముందు కోయకూడదు, రోడ్డవతల కోసుకుని అక్కడే వండుకోవాలి. పాత రాయి విగ్రహం వెనకకు పోయింది. మా అమ్మ బోనం దింపి చుట్టూ చూసి, "అమ్మకు ఇల్లు పెద్దగైంది, తినుడు తక్కువైంది" అంది. బోర్డు మీద పేరు కూడా మారింది. ముందు మహాదుర్గ, తర్వాత పోచమ్మ.

అయినా బహుదేవతారాధన అనే మాట కూడా మా బతుకు మీద సరిగ్గా కూర్చోదు. పర్వతగిరి మండలం అన్నారంలో యాకూబ్ బాబా దర్గా ఉంది. పిల్లలు కావాలని, జబ్బు నయం కావాలని అక్కడికి పోయి యాటను కోసి కందూరు చేసే ఇళ్ళు మా దిక్కు లెక్కలేనన్ని. ఓరుగల్లు చుట్టుపక్కల ఇంతమంది యాకయ్యలు, యాకమ్మలు ఉన్నది ఆ బాబా పేరు పెట్టుకునే. ఆ యాకయ్యలు మల్లన్నకు పట్నం వేస్తారు, యాకమ్మలు బతుకమ్మ ఎత్తుకుంటారు. ఆ దర్గాలోని పీరు దేవుడా అంటే కాదు. దేవుడు కాదు కాబట్టి మతంలో లేడా అంటే ఉన్నాడు. ఏ వాదం పేరు పెట్టినా ఏదో ఒక యాకయ్య బయట మిగిలిపోతాడు.

సమ్మక్క ఎవరి లెక్కలో

నాతో పాటు కొన్నాళ్ళు పనిచేసిన ఒక కోయ సార్ ఉన్నారు, తాడ్వాయి వైపు. ఈ పేర్ల సంగతి ఆయనతో మాట్లాడితే వెంటనే కలిసిపోతాడనుకున్నాను. "మనందరిదీ ఒకటే కదా సార్, చెట్టు, పుట్ట, అమ్మతల్లి" అన్నాను. మళ్ళీ అదే మాట, చూడండి.

ఆయన మెల్లగా అడిగారు. "మేడం, చిలుకలగుట్ట నుంచి సమ్మక్క ఏ రూపంలో వస్తది?" కుంకుమ భరిణె అన్నాను. "మరి రోడ్డు పొడుగునా ఫ్లెక్సీలల్ల పులి మీద కూసున్నామె ఎవరు?" నేను మాట్లాడలేదు. మేడారం 1996లో రాష్ట్ర పండుగ అయింది, రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి కోటిమంది వరకు వస్తారని చెబుతారు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మాలాంటివాళ్ళే, బెల్లాన్ని బంగారం అని మోసుకుపోయేవాళ్ళం. ఆయనకు దాని మీద కోపం లేదు. కానీ తమ గట్టు, తమ ఇలవేల్పు, తమ పూజారి వడ్డె చేసే పూజ మిగతావాటిలో కలిసిపోయి గుర్తు పట్టరాకుండా పోతుందేమోనని భయం ఉంది. "కోయ పూనెం అని రాయమని మా పిల్లలకు చెప్తున్న" అన్నారు. పూనెం అంటే వాళ్ళ ధర్మం.

ఆయనకు ఆ పేరు ఎందుకు కావాలో ఆ రోజు నాకు అర్థమైంది. 2011 లెక్కల్లో దేశం మొత్తం మీద ఇతర మతాలు అనే గంపలో దాదాపు 79 లక్షలమంది ఉన్నారు. అందులో జార్ఖండ్ దిక్కు ఆదివాసీల మతమైన సర్నా అని రాయించుకున్నవాళ్ళే 49 లక్షలకు పైన, గోండు అని రాయించుకున్నవాళ్ళు 10 లక్షలకు పైన. సర్నాకు వేరే కోడ్ కావాలని 2020 నవంబరులో జార్ఖండ్ అసెంబ్లీ తీర్మానం చేసింది. ఆదివాసీకి చట్టం ఏ మతమైనా రాసుకునే వీలిచ్చింది, ఎస్టీ హోదా పోదు. మా బైండ్ల అవ్వకు ఆ వీలు లేదు. ఆమె పోచమ్మ అని రాయించుకుంటే ఆమె మనవడి సర్టిఫికెట్ ఏమవుతుంది? మా అన్న ఇదే అన్నాడు, గట్టిగానే అన్నాడు: "నువ్వు పేర్లు ఏరుకుంటవ్, బాధ వాళ్ళకొస్తది." ఆ మాటకు నా దగ్గర ఎదురు జవాబు లేదు. పేరు ఎంచుకోవడం అందరికీ ఒకే ధరకు దొరకదు.

మీ ఇంటి దేవుడు ఎవరు?

మా కురుమల్లో, చాలా కులాల్లో, సంబంధం మాట్లాడేటప్పుడు అడిగే ప్రశ్న మీ మతమేంటి అని కాదు. మీ ఇంటి దేవుడు ఎవరు, మీరు నామమోళ్ళా విభూతోళ్ళా అని. ఆదిలాబాద్ కేస్లాపూర్‌లో మెస్రం వంశం గోండులు పుష్య అమావాస్యకు నాగోబాను కొలిచేటప్పుడు, కొత్త కోడళ్ళను దేవుడికి పరిచయం చేస్తారు. భేటింగ్ అంటారు. ఆ పిల్ల ఏం నమ్ముతుందని ఎవరూ అడగరు. ఆమెను దేవుడి ముందు నిలబెట్టి, ఈమె మా ఇంటి మనిషి అని చెబుతారు.

నా మనసు ఇక్కడ ఆగింది. తెలుగులో వేల్చు అనే పాత క్రియ ఉంది, ఆహుతి ఇవ్వడం అని. ఎవరికి వేలుస్తామో వాళ్ళు వేల్పు. ఇంటివాళ్ళు పెడుతూ వచ్చిన వేల్పు ఇలవేల్పు. కోయవాళ్ళూ ఇదే మాట వాడతారు. ఇందులో మనం ఏం నమ్ముతామన్నది లేదు, ఎందరు దేవుళ్ళన్న లెక్క లేదు, ఎవరం కామన్నది అసలే లేదు. ఎవరికి అన్నం పెడతామన్నది ఉంది.

దీనికీ ఒక చిక్కుంది, అది నా బతుకులోనే ఉంది. పుట్టింటి దేవుడు ఐలోని మల్లన్న. అత్తగారింటి దేవుడు కొత్తకొండ వీరన్న. రెండు జాతరలూ సంక్రాంతికే. పెండ్లయిన ఏడు కొత్తకొండకే పోయాను, కోరమీసాలు, గుమ్మడికాయ సమర్పించి వచ్చి రాత్రంతా ఏడ్చాను, ఢమరుకం చప్పుడు లేని మొదటి సంక్రాంతి అది. రెండో ఏడు మా అత్తమ్మే, "పొద్దుగాల వీరన్న, మాపటికి మల్లన్న, ఇద్దరు శివయ్యలే ఏమనుకోరు తియ్" అంది. ఆడవాళ్ళకు ఇంటి దేవుడంటే ఎవరిచ్చిన ఇల్లు? ఇల్లు వదిలి లీడ్స్ పోయిన మా పిల్లకు? రేపు దానికి పుట్టబోయే పిల్లలకు? దీనికి నాకు దొరికిన సమాధానం మా అత్తమ్మ చేసిందే. వదిలిపెట్టకుండా కలుపుకోవడం.

మా పిల్ల చెప్పిన ఇంకో సంగతి నాకు చాలా నచ్చింది. 2011లో, అంటే నేను ఆ అవ్వ గడపలో కూర్చున్న ఏడాదే, బ్రిటన్‌లోనూ జనాభా లెక్కలు జరిగాయి. పాగన్లు అప్పుడు ఒక ప్రచారం చేసుకున్నారట. ముందు పాగన్ అని రాయండి, అడ్డగీత గీయండి, తర్వాత ఎవరి దారి పేరు వాళ్ళు రాయండి అని. ఇంగ్లండ్, వేల్స్‌లో ఆ ఏడు పాగన్ అని రాసినవాళ్ళు దాదాపు 57 వేలు, 2021 నాటికి 74 వేలు. అందరితో కలవడానికి ఒక పేరు, తమదంటూ చెప్పుకోవడానికి ఇంకొకటి, మధ్యలో గీత.

2027 లెక్కల్లో మా ఇంటికి వచ్చే మనిషికి నేను ఆ గీతతోనే చెబుతాను. హిందూ, గీత, ఐలోని మల్లన్న, కొత్తకొండ వీరన్న, మా ఊరి పోచమ్మ. అది ఒక్క కోడ్‌లోనే పడుతుందని తెలుసు. పడనీ. నోటితో చెప్పడం నాకు ముఖ్యం, పక్కన నిలబడి వినే నా కొడుకు చెవిన పడడం ముఖ్యం. డ్యూటీ మళ్ళీ నాకే పడితే మాత్రం, బైండ్ల ఇంటి గడపలో 1 వేసే ముందు పెన్ను కింద పెడతాను. ఈ అంకె వేస్తే ఏమవుతుంది, పోచమ్మ అని రాస్తే ఏమవుతుంది, మనవడి సర్టిఫికెట్ సంగతేంటి, అన్నీ విడమరిచి చెప్పి, నువ్వేమంటవ్ అవ్వా అని అడుగుతాను. ఆ రోజు 1 వేయడం తప్పని నేను ఇప్పటికీ అనలేను. అన్నీ ఒక్కటే అనడం మాత్రం తప్పు. ఆ అవ్వ లేదిప్పుడు. జమిడిక మనవడి దగ్గర ఉంది, పోయిన శ్రావణంలో మా ఊరి బోనాలకు అతనే వాయించాడు.

మా పిల్లకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విన్నది. "మరి ఆమెకేం చెప్పాలె అత్తమ్మా?" అంది. ఐలోని మల్లన్న ఇంటి ఆడబిడ్డనని చెప్పు, మల్లన్న ఎవరని అడిగితే అప్పుడు కథ చెప్పు అన్నాను. "కథంతా నాకు రాదు కదా" అంది, గొంతు తగ్గించి. వారం వారం కొంచెం కొంచెం చెప్తానన్నాను. ముందు సంక్రాంతికి బండారి పంపమంది, గూట్లో పెట్టుకుంటానని.

జాతర నుంచి తెచ్చిన బండారి పొట్లం కట్టి హనుమకొండలో కొరియర్‌కు ఇచ్చాను. కౌంటర్‌లో ఉన్న పిల్లవాడు ఫారం ముందు పెట్టుకుని, "లోపల ఏముంది మేడం?" అన్నాడు. బండారి అన్నాను. "ఐలోనిదా?" అన్నాడు. అవునన్నాను. ఫారంలో టర్మరిక్ పౌడర్ అని రాసి, పొట్లాన్ని రెండు చేతులతో తీసుకుని కళ్ళకద్దుకుని, తూకం మీద పెట్టాడు.